పుట్టిన యేటికి తిరిగివచ్చే చేపలు

గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన మాకు చేపలు కొత్త కాదు. అయినా 2023వ సంవత్సరం అమెరికాలో మేము చూసిన చేపల వేట మమ్మల్ని ఎన్నో రోజులు ఆలోచింపజేసింది. ఆ సంగతులు పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా అబ్బాయి కుటుంబం వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ నగరానికి తూర్పున ఇస్సక్వా అనే ఊరిలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మేము వెళ్ళేసరికి సెప్టెంబరు నెలాఖరు. చెట్ల ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరుగుతున్నాయి. ఊరి మధ్యగా మన పంట కాలువ లాంటి యేరు పారుతోంది. వంతెన మీద నుండి తొంగి చూస్తే, లోతు లేని నీటిలో చేయి పొడవు చేపలు ప్రవాహానికి ఎదురీదుతున్నాయి. అవే సాల్మన్ చేపలు.

ఈ చేప బ్రతుకు వింతైనది. యేటి గులకరాళ్ళ మధ్య గుడ్డు నుండి బయటపడి, పిల్లగా ఉండగానే సముద్రం చేరుతుంది. అక్కడ కొన్నేళ్ళు తిరిగి పెద్దదై, గుడ్లు పెట్టడానికి పుట్టిన యేటికే వస్తుంది. ఇస్సక్వా చేరాలంటే సియాటిల్‌లోని బల్లార్డ్ లాకుల దగ్గర చేపల కోసం కట్టిన 21 మెట్లు ఎక్కాలి. ఆపైన వాషింగ్టన్ సరస్సు, సమామిష్ నది, సమామిష్ సరస్సు దాటాలి. యేరెక్కే రోజుల్లో అది మేత ముట్టదు. గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే చనిపోతుంది.

మరి దారి ఎలా గుర్తుంటుంది? వాసనను బట్టి. విస్బీ, హాస్లర్ అనే శాస్త్రజ్ఞులు ఈ యేటిలోనే దానిని పరీక్షించి 1954లో ప్రకటించారు. యేటి రెండు పాయల్లో కోహో జాతి సాల్మన్లను పట్టి, సగం వాటి ముక్కుల్లో దూది పెట్టి, పాయలు కలిసే చోటికి దిగువన వదిలారు. దూది లేనివి చాలావరకు తమ పాయకే చేరాయి. దూది పెట్టినవి పాయ గుర్తుపట్టలేకపోయాయి.

1936లో ఇక్కడొక హేచరీ కట్టారు. ఇలాంటి హేచరీలలో పిల్లలను పెంచి, వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న రెక్కను కత్తిరించి వదులుతారు. ఆ రెక్క ఉంటే యేటిలో పుట్టిన చేప, లేకపోతే పెంచిన చేప అని గుర్తు.

అక్టోబరులో ఒక శనివారం మా పక్కింటి పెద్దాయన మమ్మల్ని వేటకు తీసుకువెళ్ళారు. జేబులో లైసెన్సు, పట్టిన చేపను అక్కడికక్కడే వ్రాసుకునే కార్డు ఉన్నాయి. గాలం లోపలి చిన్న ముల్లును పటకారుతో నొక్కేశారు. మేత ముట్టని చేప గాలం ఎందుకు కరుస్తుందని అడిగాము. ఆకలితో కాదు, కోపంతోనో పాత అలవాటుతోనో అన్నారు.

చాలాసేపటికి పెద్ద చేప పడింది. మా మనుమడు ఎగిరి గంతేశాడు. పెద్దాయన దానిని నీటిలోనే ఉంచి నోరు తెరిచి చూశారు. చిగుళ్ళు నల్లగా ఉన్నాయి, అది చినూక్ జాతి. చిన్న రెక్క కూడా ఉంది. ఆ ప్రాంతపు చినూక్‌ను 1999లో ప్రభుత్వం రక్షించవలసిన జాతుల్లో చేర్చింది. ఆయన గాలం తీసి, చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకొని, ఓపిక వచ్చాక వదిలేశారు.

"ఇంత కష్టపడి పట్టి వదిలేశారేమండీ?" అన్నాము.

"అది గుడ్లు పెట్టవలసిన చేప. ఇప్పుడే తినేస్తే మీ మనుమడు నా వయసుకు వచ్చేసరికి ఈ యేటికి ఏమి వస్తుంది?" అన్నారు.

మరుసటి వారం సరస్సులో ట్రౌట్ పట్టాము. రోజుకు మనిషికి 5 మాత్రమే. అయిదవది పడగానే ఆయన గాలం చుట్టేశారు. వాటిని చింతపండు పులుసు పెట్టి ఆయన ఇంటికీ పంపాము.

ఆ రాత్రి మాకు మన పులస గుర్తుకొచ్చింది. అదీ సముద్రం నుండి వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికే గోదావరి ఎక్కుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డు. సముద్రంలో వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది, పులస ఎక్కేది ఆ తర్వాతే. పుస్తెలమ్మి అయినా పులస తినాలని చెప్పుకుంటూ, గుడ్లున్న చేపనే ఏరి కొన్నవాళ్ళము మేము. మా చిన్నతనంలో ప్రతి ఇంటా ఉడికిన పులస ఇప్పుడు వేలు పోసినా దొరకడం లేదు.

2024 వరదల్లో ఒక జాలరి మా గుమ్మం ముందుకు గుడ్ల పులస తెచ్చాడు. మేము కొనలేదు. ఎదురింటివారు కొన్నారు. అతనికి అదే జీవనాధారం, తప్పు పట్టలేము. అయినా కొనేవారు తగ్గితే పట్టేవారూ తగ్గుతారు కదా! గుడ్లున్న పులస మా ఇంట ఇక వండము. మనుమడికి ఆ మాట ఫోనులో చెప్పాము.