ఒంటిచేతి ఫోను

ఫోను కొనేటప్పుడు ర్యామ్ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు అని అడుగుతాం గానీ, వెడల్పెంత అని ఎవరం అడగం. నా మటుకు నాకు ఆ లెక్కే ముఖ్యం. 2014 మే నెలలో మోటో ఈ వచ్చినప్పుడు దాని ధర 6,999 రూపాయలు. వెడల్పు 64.8 మిల్లీమీటర్లు. నా బొటనవేలు ఈ అంచు నుంచి ఆ అంచుకి సులువుగా అందేది.

ఆ ధరలో ఏమేం మానెయ్యొచ్చో బాగా ఆలోచించి చేసిన ఫోనది. ముందు కెమెరా లేదు, ఫ్లాష్ లేదు. వెనకున్న 5 మెగాపిక్సెల్ కెమెరాకి ఆటోఫోకస్ లేదు. లెన్సు కదలదు కాబట్టి మనమే ఓ అడుగు వెనక్కి జరగాలి. 1 జీబీ ర్యామ్, 4 జీబీ మెమరీ, 1980 ఎంఏహెచ్ బ్యాటరీ. రెండు సిమ్ములు, మెమరీ కార్డు, ఎఫ్ఎం రేడియో మాత్రం ఉంచారు. వీపు కాస్త ఉబ్బెత్తుగా, అరచేతి గుంటలో కుదురుకునేది. 4.3 అంగుళాల తెర మీద తెలుగు డబ్బాలుగా కాకుండా ఒత్తులతో సహా తెలుగులాగే కనపడేది. నాకింకేం కావాలి?

మెహదీపట్నం నుంచి సికింద్రాబాద్ వెళ్ళే బస్సులో పొద్దున పూట సీటు దొరకడం కల్ల. ఎడమచేత్తో రాడ్డు, కుడిచేతిలో ఫోను. దిగేలోపు ఒక కథ అయిపోయేది. డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకేసినా రాడ్డు వదలక్కర్లేదు.

నాన్న ఆస్పత్రిలో ఉన్న పదకొండు రాత్రులూ ఆ ఫోనే. సెలైన్ పెట్టిన చెయ్యి నిద్రలో కదిలిస్తారని పట్టుకుని కూర్చునేదాన్ని. రెండో చేత్తో అన్నయ్యకి మెసేజీలు, పొద్దున తేవాల్సిన మందుల జాబితా, నిద్ర ఆపుకోడానికి ఓ కథ. మధ్యలో మెలకువొస్తే "ఏం చదువుతున్నావే?" అనేవారు. చెప్పేదాన్ని. సగం వినేలోపే మళ్ళీ కన్నంటుకునేది. ఫోను కోసం ఆయన చెయ్యి వదలాల్సిన పని ఒక్కసారి కూడా పడలేదు. పన్నెండో రోజు నాన్న పోయారు.

అలాంటి ఫోన్లు ఎందుకు మాయమయ్యాయో తెలీని విషయమేం కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, అందరం వీడియోల్లో పడ్డాం. వీడియోకి పెద్ద తెర కావాలి, పెద్ద తెరకి పెద్ద బ్యాటరీ, దానికి తగ్గ ఒళ్ళు. ఇప్పుడు చవక ఫోనన్నా ఆరున్నర అంగుళాలు మామూలే. ఖరీదైన వాటిలోనూ ఐఫోన్ మినీ 2020లో ఒకటి, 2021లో ఒకటి వచ్చి ఆగిపోయింది. పెద్ద తెరని తిట్టను. దాని పుణ్యమా అని అమ్మ కళ్ళజోడు వెతుక్కోకుండా వాట్సాప్ చదువుకుంటోంది. కాకపోతే, ఒక పక్క పని చేసుకుంటూ వాడుకునే వస్తువు కాస్తా పని ఆపి రెండు చేతులతో పట్టుకోవాల్సిన వస్తువైంది. ఆ రెండో చేతిలో ఏముండేదో ఫోన్ల కంపెనీల లెక్కలోకి రాదు.

మొన్న షాపులో చిన్న ఫోనుందా అనడిగితే, కుర్రాడు బటన్ల ఫోను తీసి చూపించి, "పెద్దవాళ్ళకా మేడమ్?" అన్నాడు.

"కాదు బాబూ, నాకే. ఒంటిచేత్తో పట్టుకునేది కావాలి" అన్నాను.

ఉన్నవాటిల్లో చిన్నదేదో వెతకడానికి లోపలికెళ్ళాడు.