పెట్టకుండుటయు ధర్మమే

స్థూలకాయమును తిండిపోతుతనమునకు గుర్తుగా నెంచి పరిహసించుట మనలో వాడుక. అది యొక వ్యాధియని వైద్యులు చెప్పుచున్నారు. మా యాడుబిడ్డ మధుమేహముచే పెక్కేండ్లు బాధపడి, 2023లో గాస్ట్రిక్ బైపాస్ అను శస్త్రచికిత్స చేయించుకొనగా మేమే పరిచర్య చేసితిమి.

1966లో అమెరికాలో మేసన్ అను వైద్యుడు మొదలిడిన చికిత్స యిది. జీర్ణాశయపు పైభాగమును సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిగా వేరుచేసి, చిన్నప్రేవును దానికి అతుకుదురు.

ముందు రెండు వారములు, వైద్యుల యాజ్ఞపై, అన్నము మాన్పించి ద్రవాహారమే యిచ్చితిమి. కాలేయము కుదించుకొని శస్త్రమునకు చోటు కలుగుటకే యీ నియమము. చికిత్సయైన మరునాడే మెల్లగా నడిపించిరి. లేనిచో కాళ్లలో రక్తము గడ్డకట్టవచ్చును. పిదప కొన్నాళ్లు పప్పుకట్టు, పలుచని మజ్జిగ. అటుపై మెత్తని పప్పు, గ్రుడ్డు. భోజనముతో నీరు త్రాగరాదు, అరగంట యాగవలెను. బి12, ఇనుము, కాల్షియము మాత్రలు జీవితాంతము మానరాదు. 12 మొదలు 18 నెలల వరకు గర్భము ధరింపరాదు.

వీనియన్నింటికంటె కష్టమైనది వేరొకటి. చూడవచ్చిన చుట్టములు "చిక్కిపోయితివమ్మా, ఒక్కటి తిను" అని సున్నుండలు చేతిలో పెట్టిరి. తీపి వడిగా ప్రేవులలోనికి దిగినచో చెమటలు, గుండెదడ, విరేచనములు కలుగును. కాదనలేక ఆమె కన్నీరు నింపుకొనెను. మా అత్తగారు పళ్లెము తీసివేసి, "ముందు మా పిల్లను బ్రతుకనిండు" అనిరి.

ఆకలిగొన్నవారికి పెట్టుట గృహిణికి ధర్మము. ఇట్టివారికి ప్రేమతోనే పెట్టకుండుటయు నంతటి ధర్మమని మా మనవి.