బియ్యం పెట్టె

మా అమ్మగారు ప్రభువునందు నిద్రించి మొన్న ఆగస్టుకు ఏడాది నిండింది. దివిసీమలోని మా పెంకుటింటికి తాళం వేసిన నాటినుండి మా ముగ్గురికీ ఒకటే చింత. ఇల్లు కురుస్తోంది. లోపలి సామాను ఏం చేయాలి?

సామాను అంటే గిన్నెలు, పరుపులు కావు. ఒక పందిరి మంచం, ఒక రాత బల్ల, చేతులు బారుగా సాగిన పడక కుర్చీ, ఒక భోషాణం. అన్నీ టేకువే. ఇటువంటివి పాఠకులలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటాయి. మా ప్రాంతానికి సువార్త మచిలీపట్నం మీదుగా వచ్చింది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు అక్కడ దిగారు. ఆ తరువాత నూరేళ్లకు పైగా మిషనెరీలు వస్తూ పోతూ ఉన్నారు. వారు స్వదేశాలకు వెళ్లిపోయేటప్పుడు బంగళాలోని సామాను కొంత ఊరకనే ఇచ్చారు, కొంత అమ్మారు. మా తాతగారు మిషను బడి పంతులు. ఒక దొరసానిగారు వెళ్లిపోతూ మంచం, బల్ల, కుర్చీ ఆయనకు ఇచ్చి వెళ్లారట. షూనేమీయురాలు ఎలీషా గదిలో పెట్టిన సామానంతా నాకు వచ్చింది, దీపస్తంభం ఒక్కటే తక్కువైంది అని తాతగారు నవ్వేవారని అమ్మ చెప్పేది. భోషాణం మాట ఆ కథలో ఉందో లేదో మేమెవరమూ ఎన్నడూ ఆలోచించలేదు.

పంచుకుందామంటే వీలు కాలేదు. మాలో పెద్దాయన విజయవాడలో మూడో అంతస్తులో ఉంటున్నారు. ఆ మంచం లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. చెల్లెలిది రెండు గదుల అద్దె ఇల్లు. చిన్నవాడు ఊళ్లోనే రెండెకరాలు కౌలు చేస్తున్నాడు, అతని ఇంటికి తలుపే చిన్నది. అంతకంటే పెద్ద సంగతి అప్పు. అమ్మ ఆసుపత్రి ఖర్చుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 1,40,000 తెచ్చాము. నెలకు 2,800 వడ్డీకే పోతోంది. అందుచేత అమ్మేద్దామని ముగ్గురం ఒక మాట అనుకున్నాము. ప్రార్థన చేసుకునే అనుకున్నాము, ఆ మాట కూడా చెప్పాలి.

పాత సామాను కొనే ఒకాయన వచ్చాడు. ఆయన చూసే తీరు చూడవలసిందే. పైన ఎక్కడా చూడలేదు. మంచం కింద దూరి, బల్ల సొరుగు లాగి తిరగేసి, మూలల్లో టార్చిలైటు వేశాడు. ఇనుప మేకులున్నాయా, కర్ర చీలలతో బిగించారా అని చూశాడు. అడుగున కనపడని చోట చాకుతో కొంచెం గీరి వాసన చూశాడు. చేవదేలిన టేకు ఎన్నేళ్లయినా గీరితే వాసన వేస్తుందట. మడతబందులు ఇత్తడివి, మార్చలేదు అని సంతోషించాడు. మేము మంచి ధర వస్తుందని వార్నీషు డబ్బా తెచ్చి పెట్టాము. అది చూసి, అయ్యా, మీరు బ్రష్షు ముంచి ఉంటే సగం ధర పోయేది అన్నాడు. పాత మెరుపే దాని విలువ, దాన్ని గీకి కొత్త రంగు వేస్తే మామూలు మంచం అయిపోతుందట. తమిళనాడు కారైకుడిలో చెట్టియార్ల పాత మేడల సామాను అమ్మే దుకాణాలు వీధి పొడవునా ఉన్నాయని, అక్కడివాళ్లూ ఇటువంటివి అడుగుతారని చెప్పాడు. కొననివాటిని ఏం చేస్తారని అడిగాము. కోసి ఉయ్యాల బల్లలు చేస్తారు, తలుపులు చేస్తారు అన్నాడు. చెల్లెలు ఆ మాటకు లోపలికి వెళ్లిపోయింది.

మంచం 55,000, భోషాణం 48,000, బల్ల 14,000, కుర్చీ 6,000. మొత్తం 1,23,000. బయానాగా 15,000 చేతిలో పెట్టి, శుక్రవారం లారీ తెస్తానని వెళ్లాడు. అప్పు దాదాపు తీరినట్టే. ఆ రాత్రి మేము హాయిగా భోజనం చేశాము.

మరునాడు ఉదయం వీధి చివరి మామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. గడప దగ్గరే కూర్చుంది.

“ఏరా అబ్బాయ్, ఆ పెట్టె గూడా అమ్మేత్తన్నారంట?”

“అవును మామ్మా, బయానా కూడా తీసుకున్నాము.”

“అది మీ తాతదని ఎవురు సెప్పార్రా మీకు? మేం పోసిన బియ్యం డబ్బులతో సేయించిన పెట్టె గదరా అది!”

పిడికెడు బియ్యం సంగతి పల్లె సంఘాలవారికి చెప్పనక్కరలేదు. తల్లులు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోనుండి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో దాచి ఆదివారం గుడికి తెచ్చేవారు. కూలి దొరకని రోజున కూడా ఆ పిడికెడు తీసేవారు. అది పోయడానికి సంఘమే కర్ర కొని, ఊరి వడ్రంగి చేత ఆ భోషాణం చేయించిందని, అప్పటి గుడి తాటాకు పాక గనుక పంతులుగారింట్లో పెట్టారని మామ్మ చెప్పింది. 1977 నవంబరు 19 శనివారం రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు మా ఊరు సముద్రానికి కొంత ఎడంగా ఉన్నందున ఇంట్లోకి మోకాలు దాటి నీళ్లు వచ్చాయి. కింది బియ్యం ఉప్పు నీటిలో నానిపోయింది. పైది పొడిగా నిలిచింది. ఆ ఆదివారం ఆరాధన లేదు. కుండల్లో పట్టిన వాన నీళ్లతో ఆ పై బియ్యమే గంజి కాచి పాలెమంతటికీ పోశారట. “నా కడగొట్టు పిల్లోడు ఆ గంజి తాగే బతికాడు” అని మామ్మ లేచి వెళ్లిపోయింది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, మేము కూడా ఏదో ఒకటి బదులు చెప్పేవారం.

తాతగారి కాగితాలన్నీ వెదికాము. భోషాణం గురించి ఒక ముక్క కూడా లేదు. సంఘపెద్దల దగ్గరకు వెళ్లాము. ఒకాయన, అదేమో మాకు తెలియదు అన్నారు. ఇంకొకాయన, తీసుకోండి బాబూ, సంఘానికి ఇనుప బీరువా ఉంది, ఆ పాత పెట్టె ఎక్కడ పెట్టాలి అన్నారు. అంటే అడిగేవారు ఎవరూ లేరు, ఒక్క మామ్మ తప్ప.

ఆ రాత్రి ముగ్గురం భోషాణం చుట్టూ కూర్చున్నాము. మూత ఎత్తి చూస్తే లోపలి వైపు మేకుతో గీసిన గాట్లు ఉన్నాయి, నాలుగు నిలువు, ఒకటి అడ్డం, అలా వరుసలు. చిన్నప్పటినుండి చూస్తున్నవే. కుంచాల లెక్క అని పెద్దాయన అన్నారు. ఎవరి కుంచాలు, మన ధాన్యం లెక్కయినా కావచ్చుగా అని చిన్నవాడు అన్నాడు. అప్పుడు చెల్లెలికి ఒకటి గుర్తుకు వచ్చింది. దానిమీద ఎక్కి కూర్చుంటే అమ్మ కొట్టేది. మంచం ఎక్కి దూకినా ఏమీ అనేది కాదు.

పెద్దాయన నాబోతు ద్రాక్షతోట మాట ఎత్తారు. చిన్నవాడికి కోపం వచ్చింది. “నాబోతుకు ఆసుపత్రి అప్పు లేదన్నయ్యా” అన్నాడు. నిజమే. అర్ధరాత్రి అమ్మను భుజాన వేసుకుని ఆటో దాకా మోసింది అతడే. అప్పు కాగితం మీద మొదటి సంతకం కూడా అతనిదే. సగం ధర సంఘానికి ఇచ్చి సగం మనం ఉంచుకుందాం అని అతడే మళ్లీ అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. అననీయ, సప్పీరాల పేర్లు మా ముగ్గురి నోటిదాకా వచ్చి ఆగిపోయాయని తరువాత ఒకరికొకరం చెప్పుకున్నాము.

ఇంకొక చిక్కు కూడా ఉంది. బయానా తీసుకుని మాట ఇచ్చాము. విశ్వాసులమై ఉండి ఇచ్చిన మాట తప్పవచ్చునా? చాలాసేపు దీని మీదనే గడిచింది. చివరకు పెద్దాయన, మనదో కాదో తెలియనిదాన్ని మనదని చెప్పి మాట ఇవ్వడమే మొదటి తప్పు అన్నారు. చిన్నవాడు, సరే, కాని నాకు ఇష్టమై ఒప్పుకోవడం లేదు, అది రాసిపెట్టుకోండి అన్నాడు. అందుకే ఇక్కడ రాశాము.

శుక్రవారం లారీ వచ్చింది. జరిగింది చెప్పాము. వ్యాపారి మంచివాడే, కేకలు వేయలేదు. అయితే ఆయన అసలు వచ్చింది భోషాణం కోసమేనట. అది లేకుండా ఇంతదూరం లారీ తెస్తే గిట్టదని మంచం ధరలో 7,000 తగ్గించాడు. తగ్గించుకోమన్నాము, తప్పు మాదే గనుక. బయానాతో కలిపి మొత్తం 68,000 వచ్చింది. మంచం విప్పి పట్టీలు లారీలోకి ఎక్కిస్తుంటే చెల్లెలు ఏడ్చింది. పడక కుర్చీ పోతుంటే మగవాళ్లిద్దరం కూడా అటు తిరిగి నిలబడ్డాము.

భోషాణాన్ని ఎనిమిదిమంది మోసి గుడికి తెచ్చారు. పక్కగది ద్వారంలో పట్టకపోతే వడ్రంగిని పిలిచి మూత ఊడదీయించి, లోపల మళ్లీ బిగించారు. అతనికి 600 ఇచ్చాము. పాస్టరుగారు ఆదివారం ప్రార్థనలో మా కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకున్నారు. మరుసటి ఆదివారం వెళ్లి చూస్తే అందులో మైకు వైర్లు, ఆంప్లిఫయరు, క్రిస్మసు నక్షత్రాలు ఉన్నాయి. మామ్మ మాకంటే ముందే చూసిందట. పాస్టరమ్మగారిని పట్టుకుని దులిపేసింది. మేము మళ్లీ వెళ్లేసరికి వైర్లు బీరువా మీదికి వెళ్లాయి, పెట్టె ఖాళీగా ఉంది. నక్షత్రాలకు మాత్రం మామ్మ ఒప్పుకుందట.

ఇంకా 72,000 అప్పు నిలిచింది. తలా 24,000 అనుకున్నాము. పెద్దాయన, చెల్లెలు తమ వాటాలు కట్టారు. చిన్నవాడిది మేము కడతామంటే వద్దన్నాడు. నెలకు 480 వడ్డీ కడుతున్నాడు, దాళ్వా పంట చేతికి వస్తే అసలు తీరుస్తానంటున్నాడు. ఆదివారాలు గుడికి వస్తున్నాడు గాని ఆ పక్కగదిలోకి ఇంకా అడుగు పెట్టలేదు.