కట్లపాము

కృష్ణా డెల్టాలో ఆషాఢ శ్రావణాలు నాట్ల కాలం. మా ఆసుపత్రుల లెక్కలో అవి పాముల నెలలు కూడా. కాలువలకు నీళ్ళు వదిలి, వానలు పట్టి, పొలాలు నిండగానే బొరియలు విడిచిన పాములు గట్లమీదికీ, గడ్డివాముల్లోకీ, ఒక్కోసారి ఇళ్ళలోకీ వస్తాయి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుస కట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెలలోనే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా జరిపించారు. ఆ వార్తలు చదువుతూంటే నాకు మాత్రం పదిహేనేళ్ళ వెనుకటి ఒక తెల్లవారుజాము కళ్ళముందు కదిలింది.

అప్పుడు నేను బెజవాడలో ఒక ఆసుపత్రిలో హౌస్ సర్జనును. 2003 వర్షాకాలం. 108 వాహనాలు రావడానికి ఇంకా రెండేళ్ళుంది. నాగాయలంక అవతల నుంచి పధ్నాలుగేళ్ళ కుర్రవాణ్ణి టాక్సీలో కరకట్ట మీదుగా తీసుకువచ్చారు. వెంట వాళ్ళ మామ్మ. అర్ధరాత్రి నుంచీ కడుపునొప్పి, ఒక వాంతి. జ్వరం లేదు. పొట్ట మెత్తగా ఉంది. నాడి, రక్తపోటు బాగున్నాయి. కేసు షీటు మీద గ్యాస్ట్రైటిస్ అని వ్రాసి, ఒక ఇంజెక్షను చేయించి వార్డుకు పంపేశాను. "చాపమీద పడుకున్నాడు బాబూ, నిద్రలోంచి లేచి నొప్పన్నాడు" అని ఆ పెద్దావిడ చెబుతూనే ఉంది. విన్నాను గాని వినలేదు.

గంట తర్వాత వార్డు సిస్టరుగారు కబురు పంపారు, పిల్లవాడి మాట ముద్దగా వస్తోందని. నిద్రమత్తు అయి ఉంటుందన్నాను. అరగంటకు ఆవిడే స్వయంగా వచ్చి, నన్ను దాదాపు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళారు. రెప్పలు సగం వాలి ఉన్నాయి. నోట్లో చొంగ మింగలేక గొంతులో గురగురమంటోంది. ఛాతీ కదలిక ఉందా లేదా అన్నట్టుంది. పెదవులు నీలం తిరిగాయి. గొంతు శుభ్రం చేసి, గొట్టం వేసి, ఆంబూ బ్యాగు నొక్కడం మొదలుపెట్టాము. వెంటిలేటర్లు ఖాళీ లేవు.

మా పెద్ద డాక్టరుగారు వచ్చి పిల్లవాణ్ణి తలనుంచి అరికాలిదాకా వెదికారు. ఎక్కడా గాటు లేదు. మామ్మను ఒకే ప్రశ్న అడిగారు: "నిద్రలో ఉలిక్కిపడి లేచాడామ్మా?" "చీమ కుట్టిందన్నాడయ్యా" అంది ఆవిడ.

కట్లపాము తీరే అది. రాత్రిపూట, నేలమీద పడుకున్నవాణ్ణి కరుస్తుంది. కోరలు చిన్నవి, నొప్పీ వాపూ ఉండవు, చాలాసార్లు గుర్తు కూడా మిగలదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, ఆపైన రెప్పలు వాలడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి. రక్తపింజరి కాటు అయితే రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని పొడి గాజుగొట్టంలో తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి వంచి చూస్తే గడ్డకట్టలేదని తెలిసిపోతుంది. కట్లపాము విషం పనిచేసేది నరాలమీద. రక్తం చక్కగా గడ్డకట్టి మనల్ని మోసం చేస్తుంది. అందుకు చేయవలసిన పరీక్షకు పరికరమేదీ అక్కర్లేదు. రోగిని పైకప్పు వైపు రెప్ప వాల్చకుండా చూడమనాలి. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో లెక్కపెట్టమనాలి. పావుగంట తర్వాత మళ్ళీ, ఆ తర్వాత మళ్ళీ. ముప్ఫైదాకా వెళ్ళినవాడు పదిహేను దగ్గర ఆగితే ఊపిరి జారుతోందన్నమాట. ఆసుపత్రిలో మనిషి పాడయ్యేది గుమ్మం దగ్గర కాదు, "బాగానే ఉన్నాడు" అని మంచం ఇచ్చిన తర్వాతే. ఆ రాత్రి నేను రెండోసారి వెళ్ళి చూడలేదు. ఆ మాట ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

పది సీసాల విషవిరుగుడు ఎక్కించాము. దద్దుర్లు వస్తాయేమోనని అడ్రినలిన్ సిరంజిలో నింపి పక్కనే పెట్టుకున్నాము. నియోస్టిగ్మిన్ కూడా ప్రయత్నించాము. గుణం కనబడలేదు. విషం ఒకసారి నరాల కొసల్ని దెబ్బతీశాక విరుగుడు వాటిని తిరిగి మొలిపించలేదు. అవి మొలిచేదాకా రోజుల తరబడి ఊపిరి మనమే ఇవ్వాలి. వంతులవారీగా బ్యాగు నొక్కాము, మేమూ, వాళ్ళ చిన్నాన్నా. మధ్యాహ్నానికి కనుపాపలు పెద్దవైపోయి వెలుగుకు కదలడం మానేశాయి. గిల్లితే ఉలుకు లేదు. నేను మంచం పక్కనే నిలబడి "మామ్మగారూ, ఇంక ఆశ పెట్టుకోవద్దు" అని చెప్పేశాను.

సాయంత్రం రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారికి ఈ సంగతి తెలిసింది. కోప్పడలేదు. "పక్షవాతం కనుపాపలకూ వస్తుందోయ్. కట్లపాము రోగిని కళ్ళు చూసి చనిపోయాడనకు. బ్యాగు ఆపకండి" అన్నారు, అంతే.

మర్నాటి రాత్రి వెంటిలేటరు ఒకటి ఖాళీ అయింది. మూడో రోజున కాలి బొటనవేలు కదిలింది. నమ్మలేక సిస్టరుగారిని పిలిచి చూపించాను. ఆరో రోజున గొట్టం తీశాము.

వాడికి గొంతు వచ్చిన సాయంత్రం పలకరించడానికి వెళ్ళాను. నన్ను చూసి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత చాలా మామూలుగా అన్నాడు: "మా మామ్మతో ఆశ పెట్టుకోవద్దన్నారు కదా సార్. నాకన్నీ వినబడుతున్నాయి. వేలైనా కదపాలని ఎంత చూశానో, కదల్లేదు."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. తప్పయిపోయిందన్నాను. వాడు దాన్ని పట్టించుకున్నట్టు లేదు.

"ఒక సిస్టరుగారు నోట్లో గొట్టం పెట్టి శుభ్రం చేసే ప్రతిసారీ, 'నాన్నా, ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది' అని చెప్పి చేసేవారు. మొహం చూడలేదు సార్, గొంతు తెలుసు. ఆవిడెవరు?"

ఆవిడకి నైటు డ్యూటీ, ఎనిమిదింటికి వస్తారని చెప్పాను. అప్పటిదాకా నిద్రపోనన్నాడు.