తెల్లబోయిన పగడం

పగడం అంటే నాకు తెలిసింది సూత్రాల పక్కన గుచ్చుకునే ఎర్రపూస ఒక్కటే. దాని చుట్టాలకు జబ్బు చేస్తే ఉక్కునగరంలో నాకు నిద్ర పట్టకుండా పోతుందని కలలో కూడా అనుకోలేదు.

డాలస్‌లో మా తమ్ముడు గాజు తొట్టెలో పగడాలు పెంచుతున్నాడు. మన దేశంలో ఆ ముచ్చట కుదరదు లెండి. 2001 నుంచి గట్టి పగడాలన్నిటికీ పులితో సమానంగా చట్టం కాపలా ఉంది.

మొన్న మంగళవారం అర్ధరాత్రి ఫోను. "అక్కా, పగడం తెల్లబడిపోయింది!" వారంలో మూడు రకాల మందులు పోశాట్ట. తెలుగు బి.ఏ. చదివిన నాకు పసుపు తప్ప మరో మందు తెలీదు. ఫోను మావారికిచ్చాను.

ఆయనది స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు ఉద్యోగం. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లని పేర్లే పెట్టారు గానీ, ఆ కొలిమి కడుపులో ఏముందో పైకొచ్చే గ్యాసునీ, కారే స్లాగునీ బట్టి కనిపెట్టాలి. అందుకే ఆయన పగడం మాటెత్తకుండా నీళ్ళ సంగతి అడిగారు. వేడి? ఇరవయ్యారు డిగ్రీలు. ఉప్పు? సరిగానే ఉంది.

"ఏమోయ్, ఈమధ్య కొత్తగా ఏం మార్చావ్?"

"దీపం, బావగారూ. ఇంకాస్త వెలుగుంటుందని..."

దొరికింది దొంగ! పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుందిట. రంగూ దానిదే, తిండి చాలావరకు వండిపెట్టేదీ అదే. వేడో వెలుతురో ఉన్నట్టుండి పెరిగితే, ఆ కష్టంలో పగడం అన్నం పెట్టే ఆ ఇల్లాలినే బయటికి గెంటేస్తుంది. అప్పుడు పల్చటి చర్మంలోంచి కింది తెల్లటి ఎముక కనిపిస్తుంది. అయినా చచ్చినట్టు కాదు. చర్మం ఊడిపోతేనే ఆశ లేనట్టు.

"మందులాపు. దీపం తగ్గించు. రాత్రి టార్చి వేసి చూడు, సన్నటి చేతులు చాచిందంటే బతికున్నట్టే" అన్నారాయన.

అప్పటికి నాకు వెలిగింది. మాకు అర్ధరాత్రంటే వాడికి మిట్టమధ్యాహ్నం.

"ఒరేయ్, మంగళవారం పూట ఆఫీసుకెళ్ళకుండా ఇంట్లో ఉన్నావేం?"

చాలాసేపు మాట లేదు. "ఉద్యోగం పోయి నెలయిందక్కా. దానికి చెప్పలేదు."

పాపం, మా మరదలు రోజూ వీడికి క్యారేజీ కట్టి తన ఉద్యోగానికి తను పోతోంది!

"సాయంత్రం తను రాగానే ముందు ఆ మాట చెప్పు. టార్చి తర్వాత వేద్దువుగాని" అన్నాను.

రెండు నెలలైంది. పగడం మీద లేత గోధుమరంగు తిరుగుతోంది. ఉద్యోగం ఇంకా దొరకలేదు. కానీ ఇప్పుడు వీడియోలో తొట్టె పక్కన రెండు మొహాలు కనిపిస్తున్నాయి.