అఫర్వత్ కొండ నుంచి ఉత్తరాలు

గుల్మార్గ్, ఫిబ్రవరి 9

నాన్నా,

క్షేమంగా చేరాను. తంగ్‌మర్గ్ నుంచి చక్రాలకు గొలుసులు కట్టిన జీపులో పైకి వచ్చాం. రాత్రంతా మంచు కురుస్తూనే ఉంది. మిరప కోతకు కూలీలు దొరికారా? కల్లంలో కాయ ఆరిందా?

మనకైతే మబ్బు విడిచి ఎండ కాసిందంటే పట్టాలు తీసి కాయ ఆరబోసుకోవచ్చు. ఇక్కడ మాత్రం మంచు ఆగి ఎండ కాసిన మొదటి రోజే కొండ మీద భయం ఎక్కువ. కొత్తగా పడిన మంచు ఇంకా కుదురుకోదు. నీలాకాశం చూస్తే మాత్రం అందరికీ పైకి పోవాలనిపిస్తుంది.

ఇక్కడి కేబుల్ కారు, గండోలా, అఫర్వత్ కొండ మీద దాదాపు 13 వేల అడుగుల ఎత్తుకు తీసుకెళ్తుంది. స్కీయింగ్‌కు గీసిన హద్దు లోపలి వాలులను గస్తీవాళ్లు కనిపెట్టుకుని ఉంటారు. హద్దు దాటితే ఎవరి జాగ్రత్త వాళ్లదే. 2023 ఫిబ్రవరి 1న ఈ అఫర్వత్ మీదే, హపత్‌ఖుడ్ దగ్గర మంచు చరియ విరిగిపడి పోలండ్ నుంచి వచ్చిన స్కీయర్లు ఇద్దరు చనిపోయారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక రష్యన్ పోయాడు. ఈ ముక్క అమ్మకు చదివి వినిపించకు.

గుల్మార్గ్, ఫిబ్రవరి 11

తమ్ముడూ,

ఇవాళ పైకి పోలేదు, మంచు నిలకడ చూడటానికి గొయ్యి తవ్వాం. నడుము లోతు దాటాక పార కింద మంచు గరగరమంది. గుప్పెట్లోకి తీసుకుంటే చినగంజాం రాళ్లుప్పులా విడివిడి పలుకులు, ఎంత నొక్కినా ముద్ద కట్టవు. చలికాలం మొదట్లో పలచగా పడిన మంచు అది. నేల వెచ్చన, పైగాలి చలి మధ్య వారాల తరబడి ఉండి అలా పలుకుబారింది. దాని మీద, గాలి కొండ అవతలి నుంచి ఎగరేసుకొచ్చి పేర్చిన మంచు గట్టి పలకలా కూర్చుంది. పైనుంచి చూస్తే తెల్లగా, నున్నగా, ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది.

గైడ్ ఒక అడుగు చదరం దిమ్మె కోసి, పైన పార ఆనించి అరచేత్తో కొట్టాడు. ముందు మణికట్టు ఊపుతో పది దెబ్బలు, తర్వాత మోచేతితో పది, అప్పటికీ కదలకపోతే భుజం ఊపుతో పది. మోచేతి దెబ్బల్లోనే దిమ్మె తెగి సొరుగు లాగినట్టు ముందుకు జారింది. ఇక మారు మాట లేదు. 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలులన్నీ వదిలేసి, కింద చెట్ల మధ్య మెల్లటి వాలులోనే స్కీయింగ్ చేశాం. వేలు పోసి ఇంత దూరం వచ్చి చెట్లలో తిరగడమేంటని ఒకతను గొణిగాడు. నాకు మాత్రం ఆ గొయ్యి చూశాక గైడ్ మీద గౌరవం పెరిగింది.

గుల్మార్గ్, ఫిబ్రవరి 12

తమ్ముడూ,

నువ్వు ఆర్మీ ర్యాలీకి రోజూ పరుగులు తీస్తున్నావని నాన్న చెప్పాడు. అందుకే ఇది నీకు రాస్తున్నా. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద మంచు కూలి మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది చిక్కుకున్నారు. వాళ్లలో ముస్తాక్ అహ్మద్‌ది మన అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె. ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికిన కర్ణాటక జవాను హనుమంతప్ప కూడా 11న ఢిల్లీలో కన్నుమూశాడు. ఇక్కడ ఖిలన్‌మార్గ్‌లో 2010 ఫిబ్రవరి 8న శిక్షణలో ఉన్న సైనికులు 17 మంది పోయారు. మంచు కింద సైనికుడైనా యాత్రికుడైనా ఒకటే. మంచు ముఖం చూడని ఊళ్ల నుంచి పిల్లలు ఇలాంటి మంచు కొండలకు కాపలాకు వెళ్తున్నారు. వాళ్ల ఇళ్లలో ఉండే మనలాంటివాళ్లకైనా ఈ సంగతి తెలిసి ఉండాలి కదా.

కూరుకుపోయినవాణ్ని పావుగంటలోపు తీస్తే బతికే ఆశ ఎక్కువ. ఆ తర్వాత గబగబా తగ్గిపోతుంది. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కనున్నవాడే తవ్వాలి. అందుకే ఒంటికి కట్టుకున్న, సిగ్నల్ పంపే ట్రాన్సీవర్, సంచిలో మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార లేకుండా ఎవరినీ కదలనివ్వరు. వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు కళ్లప్పగించి చూస్తుండాలి. మంచులో కొట్టుకుపోతుంటే, ఆగేలోపే చేతులు ముఖానికి అడ్డం పెట్టుకోవాలి, ఊపిరికి కాస్త చోటు మిగులుతుంది.

చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల, డీజీఆర్‌ఈ, మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. రేపటిది చూశాకే బయలుదేరతాం. గాలి ఇలాగే కొడితే రేపూ చెట్లలోనే. ర్యాలీ తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి.

అక్క