అడుగున అసలు ఫొటో

నా పని గురించి రాయమని సంచిక వాళ్లు అడిగారు. నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. మన హాస్టల్లో చదివి టీచర్లయినవారు, ఇంజనీర్లయినవారు ఉన్నారు. ఫొటోలు దిద్దేవాణ్ణి నేనొక్కడినేనేమో!

మా రోజుల్లో హాస్టల్ మొత్తానికి ఒకటే అట్లాసు. దానిమీద గీత పడితే వీపు విమానం మోతే. అందుకని ట్రేసింగ్ పేపరు పరిచి ఒకదాని మీద నదులు, ఇంకోదాని మీద రైలు మార్గాలు గీసేవాళ్లం. ఫొటోషాప్‌లో లేయర్లంటే అంతే. 1994లో 3.0 వెర్షన్‌తో అవి వచ్చాయి. మార్పు పై పొరలో ఉంటుంది, అడుగున ఫొటో అలాగే ఉంటుంది.

ఇక 'రా' ఫైలు. జేపెగ్ వండిన అన్నమైతే రా బియ్యం. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రాలో 16,384. కెమెరా రాలో వెలుగు, రంగు ఎంత మార్చినా ఆ లెక్కలన్నీ పక్కన ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలులో రాసుకుంటుంది తప్ప అసలు చిత్రాన్ని ముట్టుకోదు.

ఇదంతా ఎందుకంటే, మా షాపులో ఎక్కువగా వినిపించే మాట "కొంచెం తెల్లగా చెయ్యన్నా". ఒక పెళ్లికి పెద్దమనిషొకాయన నా పక్కనే కూర్చుని రెండువైపుల వాళ్లనూ తెల్లబరిపించాడు. నాకు నచ్చని పనే, కానీ డబ్బులిచ్చేది వాళ్లు. ఏడాది తర్వాత ఆ పెళ్లికూతురు వచ్చింది. తండ్రి చనిపోయాడు, పెద్దకర్మకు ఫొటో కావాలి. ఆల్బమ్ తెరిచి, "అన్నా, మా నాయిన ఇంత తెల్లగ ఉండెనా?" అంది.

ఫైలు తీశాను. తెలుపు ఒక కర్వ్స్ లేయర్లో ఉంది. మచ్చలు, ముడతలు చెరిపింది వేరే ఖాళీ లేయర్లో. పక్కనున్న కన్ను గుర్తులు రెండూ నొక్కి ఆపేశాను. తలపాగా కట్టినంత మేర నుదురు కాస్త తేటగా, దాని కింద ఎండకు కాలిన నలుపు, చెంప మీద మచ్చ, అన్నీ వచ్చేశాయి. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మచ్చ ఎద్దు కొమ్ము తగిలి అయిందని తనే చెప్పింది.

జేపెగ్ మీదే దిద్ది, దానిమీదే సేవ్ చేసి ఉంటే ఆయన ముఖం ఇంకెక్కడా దొరికేది కాదు.

నేర్చుకునే తమ్ముళ్లు ఫ్లాటెన్ నొక్కే అలవాటు మానుకోండి. లేయర్లతో పీఎస్‌డీ ఉంచుకోండి, ప్రింటుకు వేరే కాపీ తీయండి. రా ఫైళ్లను రెండు హార్డ్ డిస్కుల్లో దాచండి. (డిస్కుల ఖర్చుకు మా ఓనరు గొణుగుతూనే ఉంటాడు.)

మన హాస్టల్ పాత గ్రూపు ఫొటోలు ఎవరి ట్రంకుపెట్టెలోనైనా ఉంటే తీసుకురండి. స్కాను అడుగు లేయర్లో ఉంచి, చిరుగులు పైన పూడుస్తాను. డబ్బులేమీ వద్దు. వెనక వరుసలో నిలబడ్డవాళ్ల పేర్లు మాత్రం రాసి తెండి.